కాలేయ మార్పిడి తర్వాత కామెర్లొస్తే మాత్ర సరిపోతుందా?

కాలేయ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "అంత పెద్ద ఆపరేషన్ గట్టెక్కాం కదండీ, మళ్లీ ఈ కామెర్లేంటి? మాత్రలతో తగ్గిపోవా?" ఈ వారం దాని గురించే చెప్తాను.

కొత్త కాలేయం పెట్టేటప్పుడు దాని పైత్యరస నాళాన్ని రోగి నాళంతోగానీ, పేగుతోగానీ కలిపి కుడతారు. ఈ నాళానికి రక్తం అందేది కాలేయ ధమని నుంచే. ఆ సరఫరా తగ్గినా, కుట్టిన చోట మచ్చకట్టినా నాళం సన్నబడిపోతుంది. కొందరికి కుట్టు దగ్గర పైత్యరసం లీకవుతుంది. మన దేశంలో ఎక్కువ ఆపరేషన్లు బతికున్న దాత ఇచ్చిన కాలేయ భాగంతోనే జరుగుతాయి. అందులో నాళాలు సన్నగా ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు కలపాల్సొస్తుంది. అందుకే ఈ ఇబ్బంది వాళ్లలో ఇంకాస్త ఎక్కువ.

మరి మందులేం చేస్తాయి? చాలామందికి ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర రాస్తాం. అది పైత్యరసం పారడానికి సాయపడుతుంది, అంతే. మచ్చకట్టి బిగిసిన నాళాన్ని తెరవలేదు. చలితో జ్వరమొస్తే యాంటీబయాటిక్స్ తప్పవు. కానీ అడ్డు అలాగే ఉంటే ఆ జ్వరం మళ్లీ వస్తుంది. అడ్డు తీయాలంటే ఈఆర్‌సీపీ చేయాలి. నోట్లోంచి గొట్టం పంపి, బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేసి, స్టెంట్ పెడతారు. ప్లాస్టిక్ స్టెంట్లు మూసుకుపోతాయి గనక సుమారు 3 నెలలకోసారి మారుస్తారు. ఇది చాలామందికి ఏడాది దాకా సాగుతుంది. విసుగొచ్చి మధ్యలో మానేయకండి.

అసలు ప్రమాదం దురదతో మొదలవుతుంది. రాత్రంతా గోక్కోలేక, ఎవరో చెప్పిన మందు తెచ్చుకుంటారు. దురదకి వాడే రిఫాంపిసిన్ మంచి మందే, కానీ అది రక్తంలో టాక్రోలిమస్ మోతాదును బాగా పడగొడుతుంది. అప్పుడు శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరించొచ్చు. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ దీనికి రివర్స్. మోతాదు పెంచేసి కిడ్నీల మీదికి తెస్తాయి. పంపరపనస పండు కూడా ఆ పనే చేస్తుంది. ఇక కామెర్లకి ఆకు పసరు పోయించుకోవడం మనకి అలవాటు. మార్పిడి అయినవాళ్లు మాత్రం దాని జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఇంకో సంగతి. కొత్త కాలేయానికి నరాలు తెగి ఉంటాయి కాబట్టి నాళం మూసుకుపోయినా నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మూత్రం ముదురు రంగులో రావడం, విరేచనం తెల్లబడటం, దురద, వణుకుతో జ్వరం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే మీ మార్పిడి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఏ లక్షణమూ లేకపోయినా రక్తపరీక్షలు వాయిదా వేయొద్దు. చాలాసార్లు తేడా ముందు అక్కడే కనబడుతుంది. పంటినొప్పికి వెళ్లినా సరే, టాక్రోలిమస్ వాడుతున్నట్టు ముందే చెప్పండి.