సారెపతు గుమ్మంలో పరదేశి

2025లో అనంతపురం జిల్లా ప్రజలు ఒక సేవాసంస్థ కోసం వీధుల్లోకి వచ్చారు. ఆ సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. పల్లెల్లో అందరికీ ఆర్డీటీగానే తెలుసు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద దాని అనుమతి పునరుద్ధరణకు కేంద్రం ఒప్పుకోకపోవడంతో ఆస్పత్రులు, బడులు ఏమవుతాయోనన్న భయం పుట్టింది. ర్యాలీల్లో నడిచినవారిలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. విదేశీ సొమ్ము అనగానే దేశమంతా అనుమానంగా చూస్తున్న రోజుల్లో, ఒక విదేశీయుడు నాటిన సంస్థను ఈ కరవు సీమ ప్రజలు ‘మాది’ అని ఎందుకన్నారు? మన యువతీయువకులు ఎందరో దేశాంతర సేవకు వెళ్తామంటున్న ఈ కాలంలో సంఘాలు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఆ సంస్థకు ఆద్యుడు విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టాడు. 1952లో జెస్విట్ మిషనరీగా బొంబాయిలో దిగేనాటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర రైతులచేత బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి వెళ్లమని ఆయనకు ఉత్తర్వు వస్తే వేలాదిమంది రైతులు ఆయన పక్షాన కదిలారు. వెళ్లిపోయి, మరుసటి ఏడాదే తిరిగి వచ్చాడు. ఈసారి అడుగుపెట్టింది దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో. 1970లో జెస్విట్ సభను వదిలి అన్నే అనే ఆంగ్ల పాత్రికేయురాలిని పెళ్లాడాడు. నలభై ఏళ్లు ఇక్కడే ఉండి 2009 జూన్ 19న కన్నుమూశాడు. బత్తలపల్లి మట్టిలోనే ఆయనను పాతిపెట్టారు.

ఆయన నడిపింది సేవాసంస్థను గాని సంఘాన్ని కాదు గదా, అది మిషనరీ జీవితమెలా అవుతుందని మనలో కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని రోమా పత్రిక పదో అధ్యాయంలో పౌలు ప్రశ్నిస్తాడు. చెప్పవలసిన సువార్తకు బావి గాని ఆస్పత్రి గాని బదులు కాలేదని మేమూ నమ్ముతాం. అయితే పల్లె మన మాట వినకముందే మన నడక చూస్తుంది. ‘వీడు ఉంటాడా, పోతాడా?’ అన్నది దాని మొదటి ప్రశ్న. దానికి ఫెర్రర్ చెప్పిన జవాబు నలభై ఏళ్ల పొడవైనది.

పాత నిబంధనలో కరవుకాలపు దేశాంతర సేవకుడొకడున్నాడు. ఏలీయా దేవుని మాట ప్రకారమే కెరీతు వాగు దగ్గర ఉన్నాడు. అయినా వాగు ఎండిపోయింది. విధేయత చూపినవాడి నీళ్లు కూడా ఎండుతాయి! బోరు ఎండటమంటే ఏమిటో అనంతపురం విశ్వాసికి వివరించనక్కరలేదు. అప్పుడు దేవుడు ఆయనను సీదోను దేశపు సారెపతుకు, ఒక పేద విధవరాలి దగ్గరకు పంపాడు. ప్రవక్త అక్కడ మొదట చేసింది ప్రసంగం కాదు. తాగడానికి నీళ్లడిగాడు, ఆ తరువాత రొట్టె అడిగాడు (1 రాజులు 17). దేవుడు పంపినవాడే పరదేశంలోని పేదరాలికి రుణపడ్డాడు. ఆ యింటి తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి. దానినే ఆమెతోనూ ఆమె కొడుకుతోనూ కలిసి అనేక దినాలు తిన్నాడు.

యువ మిషనరీ దినచర్య కూడా ఇంతే. అందులో ప్రసంగానికి దక్కేది కొంచెం సమయమే. మాట తప్పుగా పలికి పిల్లలచేత నవ్వించుకోవడం, పెట్టిన రాగిసంకటి కాదనకుండా తినడం, జ్వరం వస్తే పొరుగింటి అవ్వ కాచిన గంజి తాగడం, ఇంటి మీద బెంగతో ప్రార్థన పెదవి దాటని రాత్రి కూడా మోకరించడం: విశ్వాసం అక్కడ పరీక్షకు నిలుస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజస్ తెలుగు నేర్చుకోవడానికే ఎన్నో దినాలు వెచ్చించారు. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి తోడ్పాటుతో సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డి గ్రాంజస్ 1810లో మరణించారు. వాళ్లు గురువులుగా వచ్చి ముందు శిష్యులయ్యారు. మన చేతిలోని తెలుగు బైబిలు చరిత్రలో వాళ్ల శ్రమకూ చోటుంది.

తెలుగువాళ్లమూ పంపినవాళ్లమే. 1903లో నెల్లూరు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా మగ్గుతున్న తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టాడు, 1915లో అక్కడే కన్నుమూశాడు.

ఈనాడు మనం చేస్తున్నదేమిటి? వారం రోజులు విదేశాలకు వెళ్లివచ్చి గోడపత్రికల మీద ‘అంతర్జాతీయ దైవజనులు’ అని వేయించుకునేవారికి కొదవ లేదు. కాని పంట పోయిన ఏడు అనంతపురం పల్లెలనుంచి బెంగుళూరు బస్సెక్కే కుటుంబాలున్నాయి. కదిరి ప్రాంతంనుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులున్నారు. కువైట్‌లోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ఆరాధన కూడా జరుగుతుంది. సెలవు దొరికిన శుక్రవారం అక్కడికి వచ్చే అక్క కన్నీళ్లు వినడానికి, ఆ దేశ చట్టాన్ని గౌరవిస్తూ ఏళ్లతరబడి ఉండగల యువకులు, యువతులు కావాలి.

వాళ్లను పోషించేదెవరు? మన దేశంలో 2020 సవరణ తరువాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దానిని మరో సంస్థకు పంచి ఇవ్వడానికి వీలు లేదు. లెక్క అడగడం ప్రభుత్వపు హక్కు. మనుష్యుల దృష్టిలో కూడా డబ్బు విషయం నిష్కళంకంగా ఉండాలని కోరినవాడు పౌలు (2 కొరింథీ 8). అయితే పరాయి దేశపు చెక్కు ఆగిన రోజున ఆగిపోయే పరిచర్య మనదా అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఆర్డీటీ కూడా స్పెయిన్ దాతల మీదనే ఆధారపడక, ఇక్కడి పల్లెల్లో హుండీలు పెట్టి ఇక్కడి ప్రజల చేతులనుంచే సేకరించింది. మన స్త్రీల సమాజాలు పిడికెడు బియ్యం కూడబెట్టి సేవకులను పోషించిన రోజులు మరీ పాతవి కావు. సారెపతు విధవరాలి పిండి కూడా పట్టెడే!

కాబట్టి సంఘ పెద్దలారా, దేశాంతరం వెళ్తానన్న బిడ్డను వేదిక ఎక్కించకముందు ఒక కరవు పల్లెలో ఒక వేసవి ఉంచండి. అక్కడి బిందె మోసి, అక్కడి యాస నేర్చి, అక్కడి అవ్వ చేతి ముద్ద తిననివ్వండి. తిరిగి వచ్చాక మీ పిడికెడు బియ్యంతో పంపండి. వాగు ఎండినా పంపిన దేవుడు మారడు. తొట్టిలో పిండి తక్కువ కానివ్వనివాడు ఆయనే.