గురుదక్షిణా, బీమా ప్రీమియమూ

యోగ గురువుకు బీమా ఎందుకని చాలామందికి అనిపిస్తుంది. వైద్యుడు కత్తి పట్టుకుంటాడు కనుక ఆయనకు పూచీ ఉండాలి. ఊపిరి పీల్చి వదలడం నేర్పేవాడికి ఏం పూచీ అని వారి వాదన. వినడానికి ముచ్చటగానే ఉన్నా ఈ వాదన నిలబడదని నా అభిప్రాయం.

శీర్షాసనంలో శరీర భారం మెడ మీద పడుతుంది. కంటిలోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది; గ్లకోమా ఉన్నవారికి అది చేటు. ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన భయమూ కాదు. ప్రాణాయామం అడ్డదిడ్డంగా చేస్తే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి వస్తాయని హఠయోగ ప్రదీపికే హెచ్చరించింది.

అమెరికాలో యోగ నేర్పడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. 1999లో ఏర్పడిన యోగా అలయన్స్ పట్టీలో 200 గంటల శిక్షణతో పేరు చేర్చుకోవచ్చు, అదీ ఐచ్ఛికమే. అయినా అక్కడి స్టూడియోలు అనేకం బీమా పత్రం చూపనిదే తరగతి అప్పగించవు. చాప మీద జారిపడితే వర్తించే రక్షణ ఒకటి, గురువు చేత్తో భంగిమ సర్దినప్పుడు నడుం పట్టేస్తే వర్తించేది మరొకటి. గురువు తప్పు లేకపోయినా, లేదని రుజువు చేసుకోవడానికి వకీలుకు చెల్లించాలి కదా! ఆ ఖర్చు భరించడమే ఇలాంటి పాలసీల అసలు ప్రయోజనాల్లో ఒకటి.

మరి మన దేశంలో? రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 నాటి కొత్త చట్టంలోనూ ఉచిత సేవకు మినహాయింపు ఉంది. నెలకింతని పుచ్చుకుని ఆసనాలు నేర్పేవారు తమది సేవ కాదనీ, సాధన అనీ చెప్పి తప్పించుకోగలరని నేననుకోను. 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు వచ్చింది, సంతోషమే. కానీ యోగ్యతాపత్రం శిష్యుడి ఆస్పత్రి బిల్లు కట్టదు.

బీమా ఉంటే గురువుకు నిర్లక్ష్యం పెరగదా అనే ప్రశ్న సబబైనదే. అయితే పాలసీ దేనికైనా గొడుగు పట్టదు. ఏ విద్యలు నేర్పుతారు, ఎక్కడ నేర్చుకున్నారు అని దరఖాస్తులోనే అడుగుతారు. ఆ గీత దాటితే రక్షణ ఉండదు. హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన వైద్యుణ్ణి 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు నిర్లక్ష్య దోషిగా నిలబెట్టింది. మధుమేహ రోగితో ఇన్సులిన్ మానెయ్యమనే "గురువు" చేస్తున్నదీ అలాంటి పనే. ప్రాణాలు పోయేది అక్కడే. అక్కడ ఏ బీమా ఆదుకోదు, ఆదుకోకూడదు కూడా.

ఇక సంతకం పెట్టించుకునే హామీపత్రాలు. "ఏం జరిగినా నాదే బాధ్యత" అని శిష్యుడి చేత రాయించుకోవడం సులువు. గాయపడ్డవాడికి దానివల్ల ఒరిగేదేమిటి? గురువు దగ్గర డబ్బు లేకపోతే కోర్టులో గెలిచినా అతనికి దక్కేది కాగితమే. బీమా గురువు ఇంటిని కాపాడుతుంది, శిష్యుడికి పరిహారం అందే దారీ చూపుతుంది. రుసుము వసూలు చేసే ప్రతి శిక్షకుడూ దక్షిణలో కొంత భాగాన్ని ఇందుకు కేటాయించాలంటాను. మీరేమంటారు?