పుట్టగొడుగు తాజాదనమును ఎట్లు పోల్చవలెను?

మంగంపేట చుట్టుపట్ల తొలకరి కురిసి ఉరుము వినబడినచో మరునాటి వేకువనే గంపలు చంకనిడుకొని పుట్టల వెంబడి తిరుగువారు గలరు. ఉరుమువలననే ఇవి మొలచునని పెద్దలందురు; పుట్టలోనికి తడి దిగుటయే కారణమని మా అభిప్రాయము. అది యటుండనిండు. కోడూరు తోటలలో మామిడిని ముచ్చిక చూచి వెలకట్టు రైతు, పుట్టగొడుగు మాట వచ్చుసరికి పరిమాణమొక్కటే చూచుచున్నాడు. పెద్ద గొడుగునకు పెద్ద వెల! ఇది తలక్రిందులైన లెక్క.

ఫ్రాన్సు, ఇటలీ దేశములలో ట్రఫిల్ అను శిలీంధ్రము గలదు. ఓకు మొదలగు చెట్ల వేళ్ల నాశ్రయించి భూమిలోనే గడ్డవలె పెరుగును. కుక్కలచేత వాసన పట్టించి త్రవ్వుదురు. దానిని కొనువాడు పెద్దతనమునకు మురియడు. చేతబట్టి గట్టిదనమును, బరువును చూచును, ముక్కునొద్ద పెట్టుకొనును, నల్లజాతియైనచో చిన్న గాటు పెట్టించి, నల్లని కండలో తెల్లని నరములు తెలియుచున్నవో లేదో పరికించును. అంటిన మన్ను క్రింద పురుగు రంధ్రము దాగెనేమోయని తుడిపించును. త్రవ్విన నాటినుండి దినదినమును నీరును పరిమళమును తరుగుచుండును గనుక ఈ జాగ్రత్త. బస్తరులో గుగ్గిలపు చెట్ల క్రింద దొరకు బోడను గూడ కోసి చూచెదరు. లోపల తెల్లనిది లేత, నల్లబడినది ముదురు.

మన పుట్టగొడుగునకును కన్ను, ముక్కు, వ్రేలు, కత్తి చాలును. తెలుగువారు దానికి సరియైన పేరే పెట్టిరి. చెదపురుగులు పుట్టలోపల నమలిన ఆకు పుల్లలతో దిబ్బలు కట్టి, వానిపై ఈ శిలీంధ్రమును పెంచుకొనును; అచ్చటినుండి పొడుగాటి వేరువంటి కాడతో ఇది పైకి వచ్చును. తల నడుమ మొనదేరిన బుడిపె యుండును. విప్పుకొనని మొగ్గ, నొక్కిన తిరిగి నిలుచు కండ, కోసిన తెల్లని లోపలిభాగము, లేతమట్టి వాసన ఉత్తమ లక్షణములు. రేకులు గోధుమవన్నె తిరిగి, జిగట పట్టి, కాడలో పురుగు దారులు కనబడినచో దానిని ఊరక ఇచ్చినను పుచ్చుకొనరాదు. ఒకమారు మేమే ఉదయమున ఏరినవానిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి తెచ్చితిమి. సాయంకాలమునకు అవి చీదరగా కరగిపోయినవి. అరటాకు పరచిన గంపలో, కడుగక, నీడన తేవలెను. తూకమునకై నీళ్లు చిలుకరించువాడు తన సరుకును తానే చెరుపుకొనుచున్నాడు.

తాజాదనముకంటె ముందుగా చూడవలసినది జాతి. బియ్యమువేసి ఉడికించిన నల్లబడునని, వెండికాసు మాసిపోవునని, పురుగు తిన్నది మనుష్యునకు మంచిదని చెప్పు పరీక్షలు నమ్మదగినవి కావు. ఉడికించినంతమాత్రమున అన్ని విషములును పోవు. కాడకు ఉంగరము, మొదట గిన్నెవంటి తొడుగు, రేకులలో పచ్చవన్నె కనబడినచో పారవేయవలెను. అయితే ఈ గుర్తులు లేనంతమాత్రమున మంచిదని యెంచరాదు. వేరు తెగినదానిని పోల్చుట కష్టము. కావున పుట్టను పగులగొట్టక, పుల్లతో మన్ను వదులుచేసి కాడతో సహా మెల్లగా తీయవలెను. అనుమానపుది ఒక్కటి కలిసినచో గంపంతయు అనుమానమే. కొన్ని విషజాతులు తిన్న ఆరు గంటలకు, పండ్రెండు గంటలకు గాని వాంతులు పుట్టింపవు. తరువాత కుదిరినట్లు తోచినను కాలేయము చెడుచుండును. మిగిలిన ముక్కతో కూడ ఆసుపత్రికి పోవలెనే గాని నాటు మందులతో కాలము గడపరాదు.

ముగ్గురాయి లారీలు తిరుగు బాటల ప్రక్కనున్న పుట్టలను విడిచిపెట్టుట మేలని మా సలహా. ఆ దుమ్ము రేకులలో దూరినచో ఎంత కడిగినను పోదు.

ఇక సంఘమునకు మా మనవి. మొగ్గను, విప్పిన గొడుగును ఒకే రాశిలో తూచుట మానవలెను. మొగ్గకు హెచ్చు ధర, విప్పినదానికి తక్కువ ధర, తడిపినదానికి తిరుగు గంప. రాబోవు తొలకరికి రెండు తక్కెడలు వేరువేరుగా పెట్టించినచో, పెద్దవి కావలెనని రెండవనాటివరకు పుట్టమీదనే విడుచు అలవాటు దానంతట అదే తగ్గునని మేము తలంచుచున్నాము.