రిపోర్టు ఒక్కటే చాలదు... బ్లాకు అడగండి!

ఫిట్స్ వచ్చాయని స్కాన్ తీయించారు. మెదడులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ అయింది. రిపోర్టులో 'గ్లయోబ్లాస్టోమా, నాలుగో గ్రేడ్' అని వచ్చింది. 'ఇంకా తెలుసుకోవాల్సిందేముంది డాక్టరుగారూ?' అంటారు ఇంట్లోవాళ్లు. ఉంది, చాలానే ఉంది.

గడ్డ ఎక్కడుందో, ఎంతుందో స్కాన్ చెబుతుంది. అది ఏమిటన్నది మాత్రం అనుమానంగానే చెబుతుంది. ఎమ్మారైలో ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే మన దగ్గర క్షయ గడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు, చీము గడ్డ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. అరుదైన రకాలు మరీ ఏమారుస్తాయి. గ్లయోసార్కోమానే చూడండి. గ్లయోబ్లాస్టోమాల్లో నూటికి రెండో మూడో ఉంటాయి. మెదడు పైపొరను ఆనుకుని పెరిగితే స్కాన్‌లో అచ్చం మెనింజియోమాలా, అంటే చాలావరకు ప్రాణహాని లేని గడ్డలా కనిపిస్తుంది.

ఎపిథీలియాయిడ్ అని ఇంకో రకం. ఎక్కువగా పిల్లలకూ, చిన్న వయసువాళ్లకూ వస్తుంది. మైక్రోస్కోపు కింద చూస్తే చర్మంలో పుట్టే మెలనోమా మెదడుకు పాకిందేమో అనిపిస్తుంది. దీన్ని గుర్తుపట్టడం కేవలం పేరు కోసం కాదు. వీటిలో సుమారు సగం గడ్డల్లో బీరాఫ్ అనే జన్యువులో 'వి600ఇ' మార్పు ఉంటుంది. ఆ మార్పు మీదే పనిచేసే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మందులున్నాయి. ఆ మార్పు ఉండి, ఇతర చికిత్సలకు లొంగని గడ్డలకు వీటిని కలిపి వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతించింది. అందరికీ పనిచేస్తాయనీ, జబ్బు పూర్తిగా పోతుందనీ చెప్పను. పరీక్ష చేయించకపోతే అసలు ఆ దారి ఉన్నట్టే తెలియదు కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం మైక్రోస్కోపుతో పాటు జన్యుమార్పులూ చూసే పేరు పెట్టాలి. ఉదాహరణకు ఐడీహెచ్ మార్పు కనిపిస్తే పెద్దవాళ్లలో దాన్నిప్పుడు గ్లయోబ్లాస్టోమా అనరు, ఆస్ట్రోసైటోమా అంటారు. ఆ రోగులు కాస్త ఎక్కువ కాలం బతుకుతారు కూడా.

ఇవన్నీ చేయాలంటే ముక్క కావాలి. తీసిన ముక్కను మైనంలో పొదిగి బ్లాకుగా భద్రపరుస్తారు. ఫిల్ములను బీరువాలో దాచుకునేవాళ్లు ఈ బ్లాకు సంగతే అడగరు! రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు బ్లాకు, స్లైడ్లు, ఎమ్మారై మూడూ తీసుకెళ్లండి. మెదడు ముక్కలు చూడటంలో అనుభవమున్న న్యూరోపాథాలజిస్టు అయితే మేలు.

సాధారణంగా ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలుపెడతారు. ఈ తిరుగుడంతా ఆలోపే ముగించుకోండి. ఈలోగా ఫిట్స్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు.