ఒకే కంప్యూటరు, పలు యంత్రములు: పంపకములో పాటింపవలసిన క్రమము

విశాఖపట్నంలోని సీతమ్మధార రైతు బజారులో ఆవరణ ఒక్కటే, విక్రేతలు పలువురు. స్థల కేటాయింపు సక్రమముగా ఉన్నందుననే అందరికీ వ్యాపారము సాగుచున్నది. మన పరిశోధన కేంద్రములలోని కంప్యూటర్లకును ఇదే సూత్రము వర్తించునని మా అభిప్రాయము.

గణాంక విశ్లేషణకు లినక్స్, పాత ప్రయోగశాల పరికరమునకు పాత విండోస్, తెగుళ్ల చిత్రముల గుర్తింపునకు గ్రాఫిక్స్ కార్డు అవసరమగుచున్నవి. ప్రతి అవసరమునకు వేరొక కంప్యూటరు కొనుట వృథా వ్యయము. ఒకే యంత్రముపై పలు వర్చువల్ యంత్రములను నడుపు విధానము 1960ల నాటిదే. 2007లో కె.వి.ఎం. లినక్స్ కెర్నెల్‌లో భాగమైనందున ఇది నేడు ఉచితముగానే లభ్యమగుచున్నది.

అయితే అన్ని వనరులను ఒకే రీతిన పంచుట సాధ్యము కాదు. ప్రాసెసరు కాలువ నీటి వంటిది. వారబందీ పద్ధతిలో వంతులవారీగా అందరికీ అందును. మెమరీ పైరున్న మడి వంటిది. ఒకరి సాగులో ఉండగా సాధారణముగా మరొకరికి దక్కదు. 32 జి.బి. మెమరీ గల యంత్రములో 8 జి.బి. ఆతిథేయ వ్యవస్థకు విడిచి, విశ్లేషణకు 16, పాత పరికరమునకు 8 జి.బి. కేటాయింపవచ్చును. ఆతిథేయ వ్యవస్థకు చాలినంత మిగల్చనిచో అన్ని యంత్రములు మందగించును. గ్రాఫిక్స్ కార్డును నేరుగా ఒక వర్చువల్ యంత్రమునకు అప్పగించినచో, అది తిరిగి వచ్చువరకు ఆతిథేయ వ్యవస్థ దానిని వాడజాలదు. కావున తెర కొరకు ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌ను వేరుగా ఉంచుకొనవలెను.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మద్దతు నిలిచిపోయినది. అట్టి పాత వ్యవస్థను వర్చువల్ యంత్రములో ఉంచి, నెట్‌వర్కుతో సంబంధము తొలగించి, పరికరపు యు.ఎస్.బి. తీగను మాత్రము దానికి అప్పగించుట క్షేమకరము.

విడి యంత్రములే సులభమని కొందరి వాదన. ఆ వాదనలో ఒక సత్యము కలదు: ఆతిథేయ యంత్రము చెడినచో దానిపైనున్న అన్నియు ఒకేసారి నిలిచిపోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు విద్యుత్తు, సమాచార సంబంధములు స్తంభించిన విషయము విదితమే. పలు ఋతువుల క్షేత్ర ప్రయోగ సమాచారము ఒకే పెట్టెలో ఉండుట ప్రమాదకరము. అయినను వర్చువల్ యంత్రము డిస్కుపై ఒక ఫైలుగా నిలుచును గనుక, దానిని ఆపి నకలు తీసి మరొక ఊరిలో భద్రపరచుట సులభము. విడి యంత్రములకు ఈ సౌలభ్యము తక్కువ.

కావున కొత్త కంప్యూటరుకు ప్రతిపాదన పంపుటకు ముందు ప్రతి విభాగము, ఉన్నదానిలో ఏ వనరు ఎంత ఖాళీగా ఉన్నదో వారము రోజులు గమనించి నమోదు చేయవలెను. కేటాయింపును వ్రాతపూర్వకముగా నిర్ణయించి, నకళ్ల బాధ్యతను ఒకరికి అప్పగింపవలెను. నీటి పంపకమును రైతులకు బోధించు విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. స్నాతకోత్తర విద్యార్థులకు దీనిని ప్రయోగశాలలోనే అభ్యాసము చేయించుట ఉచితము.