సంపాదకుని మాట: చెట్టు పక్షాన



ఈ సంచికను వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్‌కు అంకితం చేస్తున్నాం. 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టిన ఆమె 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకున్నారు. కోయంబత్తూరులో చెరకు మీద పరిశోధించారు. ఇంగ్లండ్‌లోని విస్లీ తోటలో మాగ్నోలియా మొలకల చిగుళ్లకు కోల్చిసిన్ ద్రావణం పట్టించి క్రోమోజోముల సంఖ్య రెట్టింపు చేశారు. అలా వచ్చిన ఒక రకం ఆమె పేరుతోనే పూస్తోంది. 1945లో జన్యుశాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ వెలువరించారు.

ఎనభై ఏళ్లు దాటాక కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచేసే జలవిద్యుత్ ప్రాజెక్టును ఎదిరించారు. ఆమె కన్నుమూసిన 1984లోనే ఆ లోయ జాతీయవనమైంది.

సూక్ష్మదర్శిని కింద కణాన్ని చూసిన కళ్లే అడవి కోసమూ నిలబడ్డాయి. శాస్త్రం, బాధ్యత వేరు కావన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం. అభివృద్ధి పేరిట అడవులు కరిగిపోతున్న ఈ రోజుల్లో ఆ మాట మళ్లీ గట్టిగా చెప్పాలనుకున్నాం.

చదవండి, పిల్లలతో చదివించండి. మీ ఊరి చెట్ల గురించి మాకు రాయండి.