కథల పుస్తకం దాచుకోవాలా?

“కథలు చదివితే మార్కులు రావు” అన్న మాట తిరువూరు హాస్టల్లో మేమెన్నోసార్లు విన్నాం. అయినా మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీ మజిలీ కథలు’ దుప్పటి చాటున చదివాం. వాటిలోని ఒక కథ నుంచి అల్లి, కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ (1951) టీవీలో వస్తే అన్నం పళ్లేలతోనే కూర్చున్నాం.

కాశీ దారిలో మణిసిద్ధుణ్ణి అడిగి అడిగి మజిలీకో కథ చెప్పించుకున్నవాడు పశువుల కాపరి. యువరాణిని కోరినవాడు తోటమాలి కొడుకు. చదువెరుగని ఇళ్ల నుంచి వచ్చిన మాకు అడగటం నేర్పింది వాళ్లే. మంత్రపు బొమ్మ దొరకలేదు గానీ, క్లాసులో లేచి “అర్థం కాలేదు సార్” అనే ధైర్యం దొరికింది. మా ఇళ్లల్లో తొలి డిగ్రీలు అలా వచ్చినవే.

తమ్ముళ్లూ! పరీక్షలప్పుడు కథలు పక్కన పెట్టండి, ఏడాదంతా కాదు. హాస్టల్‌కి కథల బీరువా అడగండి. పాత విద్యార్థులం తలా ఒక పుస్తకం ఇస్తాం.